పెట్టె మార్చాలా, గాజు మార్చాలా: మద్రాసు కెమెరాల చరిత్ర

కెమెరాలో రెండు భాగాలుంటాయి. ఒకటి వెలుతురు చొరబడని పెట్టె. వాడుకలో దాన్ని బాడీ అంటారు. రెండోది ఆ పెట్టె ముందు బిగించే గాజు, అంటే లెన్సు. గాజు వెలుతురును పోగుచేసి బొమ్మ కడుతుంది. పెట్టె ఆ బొమ్మను పలక మీదో, ఫిల్మ్ మీదో, సెన్సర్ మీదో పట్టి నిలుపుతుంది. చేతిలోని డబ్బు రెండింటికీ చాలనప్పుడు ముందు దేన్ని మార్చుకోవాలన్న ప్రశ్న కెమెరాతోపాటే పుట్టింది. చెన్నైలో ఈ ప్రశ్న వయసు సుమారు నూట డెబ్బై ఏళ్లు. కంపెనీ సైన్యంలోని ఫొటోగ్రాఫర్లు, మౌంట్ రోడ్డు స్టూడియోల వాళ్లు, వడపళని ఫ్లోర్లలో తెలుగు సినిమాలు తీసిన ఛాయాగ్రాహకులు, ఇప్పుడు కల్యాణ మండపాల్లో పెళ్లిళ్లు తీసేవాళ్లు, అందరూ దీన్ని ఎదుర్కొన్నవారే. కాలాన్నిబట్టి జవాబు మారుతూ వచ్చింది. ఆ జవాబులను వరసగా పేర్చి చూస్తే ఎప్పుడు పెట్టె మారక తప్పలేదో, ఎప్పుడు గాజు ఒక్కటే పని చక్కబెట్టిందో తేటపడుతుంది.

వడ్రంగి పెట్టె, సీమ గాజు

ఫొటోగ్రఫీని 1839లో పారిస్‌లో లోకానికి ప్రకటించినప్పుడు ఒక్క బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది. ఎదుట కూర్చున్న మనిషి అంతసేపూ కదలకుండా ఉండాలి. మరుసటి ఏడాదే వియన్నాలో గణితశాస్త్రం చెప్పే జోసెఫ్ పెట్జ్‌వాల్ కొత్త లెన్సుకు లెక్క కట్టాడు. ఫోక్ట్‌లెండర్ సంస్థ దాన్ని తయారుచేసింది. ఎఫ్ 3.6 ద్వారంతో అది అంతకుముందున్న లెన్సులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి పంపింది. దాంతో నిమిషాల పని సెకన్లలోకి దిగింది. పెట్టె మాత్రం పాత పెట్టే. మనుషుల ముఖాలు తీసే వృత్తిని నిలబెట్టింది గాజే.

మద్రాసుకు ఈ విద్య తొందరగానే చేరింది. సర్జన్ అలెగ్జాండర్ హంటర్ 1850లో స్థాపించిన కళాపాఠశాలలో కొన్నేళ్లకే ఫొటోగ్రఫీ కూడా నేర్పారు. ఎగ్మూరు పక్కన ఇప్పుడున్న ప్రభుత్వ లలిత కళల కళాశాల ఆ బడి వారసురాలే. 1857 నాటికి నగరంలో ఫొటోగ్రాఫిక్ సొసైటీ కూడా పనిచేస్తోంది. ఆ రోజుల్లోనే మద్రాసు ప్రభుత్వం సైన్యాధికారి లినియస్ ట్రైప్‌ను తన ఫొటోగ్రాఫర్‌గా నియమించింది. అతను 1857 చివరి నుంచి 1858 దాకా శ్రీరంగం, తిరుచిరాపల్లి, మదురై, పుదుక్కోట, తంజావూరు తిరిగి కోటలనూ కోవెలలనూ చిత్రించాడు. మైనం పట్టించిన కాగితం మీద సుమారు 12 అంగుళాలకు 15 అంగుళాల నెగటివులు తీశాడు. నెగటివును పెద్దదిగా చేసి ప్రింటు వేసే సాధనం అప్పట్లో పనికొచ్చే స్థితిలో లేదు. బొమ్మ ఎంత పెద్దది కావాలంటే పెట్టె అంత పెద్దది ఉండాల్సిందే. తంజావూరు బృహదీశ్వరాలయం అధిష్ఠానం చుట్టూ ఉన్న శాసనాలను ట్రైప్ ముక్కలుముక్కలుగా తీసి, 21 ప్రింట్లను అతికించి, 19 అడుగులకు పైబడిన ఒకే పటంగా కూర్చాడు. గాజు చూపు చాలని చోట కెమెరాను జరుపుకుంటూ పోవడమే అతనికి దొరికిన ఉపాయం. ఆ తరువాత గవర్నర్‌గా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్‌కు ఈ పని ఖజానా భరించలేని విలాసంగా తోచింది. ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ పదవి అంతటితో ముగిసింది.

ఆ కాలపు ధరల వరస ఇప్పటి వరసకు తలకిందులు. పెట్టె కొయ్యపని. మహాగనీతోనో టేకుతోనో చేసి, మధ్య తోలు మడతల సంచీ బిగిస్తే సరిపోయేది. ఉప్పుగాలికీ ఉక్కపోతకూ కొయ్య ఉబ్బి అతుకులు విడిపోతే వెలుతురు లోపలికి కారేది. అందుకే ఇంగ్లండు తయారీదారులు వేడిదేశాల కోసం టేకుతో చేసి ఇత్తడి పట్టీలు కొట్టిన ‘ట్రాపికల్’ కెమెరాలు అమ్మారు. కొయ్యపెట్టెకు జబ్బు చేస్తే బాగుచేసే వడ్రంగులు ఇక్కడే ఉన్నారు. గాజు సంగతి వేరు. అది లండన్ నుంచో వియన్నా నుంచో ఓడలో రావాలి. పగిలితే మళ్లీ ఓడ కోసం ఎదురుచూడాలి. స్టూడియో ఆస్తిలో విలువైనది లెన్సే. దానికి షట్టర్ కూడా ఉండేది కాదు. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కింద తల పెట్టి ఫోకస్ చూసుకుని, బయటికొచ్చి, లెన్సు మూత తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టి తిరిగి మూసేవాడు. ఈ తరహా పలకల కెమెరాలు దక్షిణాది ఊళ్ల స్టూడియోల్లో ఇరవయ్యో శతాబ్ది మూడొంతులు గడిచేదాకా పనిచేశాయి. లెన్సు బాగున్నంతకాలం పెట్టె మార్చే అవసరం రాలేదు.

చక్రం తిప్పే రోజులు

తెలుగు సినిమాకు పితామహుడనిపించుకున్న రఘుపతి వెంకయ్య మొదట మద్రాసులో ఫొటోగ్రాఫరే. మచిలీపట్నంలో పుట్టి, పట్నం చేరి, స్టూడియో నడిపాడు. 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించుకున్నాడు. తెర మీద బొమ్మ ఆడుతుండగా గ్రామఫోను పలకతో శబ్దం వినిపించే సాధనం అది. తరువాత మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. కొడుకు ప్రకాశ్‌ను పని నేర్చుకోవడానికి లండన్ పంపాడు. ఆ తండ్రీకొడుకుల స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ నుంచి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందే ఆర్. నటరాజ మొదలియార్ ‘కీచకవధం’ తీశాడు. పుణెలో స్టివర్ట్ స్మిత్ అనే ఆంగ్లేయ కెమెరామన్ దగ్గర మెలకువలు నేర్చుకుని, తంజావూరు భూస్వామి ఒకరి నుంచి కొన్న విలియంసన్ కెమెరాతో ఆ మూకీ చిత్రాన్ని పూర్తిచేశాడు.

మూకీ కాలపు సినిమా కెమెరా కూడా దాదాపు కొయ్యపెట్టే. పక్కనున్న పిడిని చేత్తో తిప్పితే ఫిల్మ్ కదిలేది. సెకనుకు 16 ఫ్రేములు పడాలంటే తిప్పేవాడి చెయ్యి గడియారంలా నడవాలి. చెయ్యి తొందరపడితే తెర మీద మనుషులు నెమ్మదిస్తారు, చెయ్యి మందగిస్తే తెర మీద పరుగెడతారు. వేషగాళ్లను ఎండలో నిలబెట్టి, పైన పల్చని తెల్లగుడ్డ పందిరి వేసి తీసేవారు కాబట్టి వెలుతురుకు కొదవ ఉండేది కాదు. మామూలు లెన్సు చాలేది.

మాట వచ్చింది, పెట్టె మారింది

1931లో ‘కాళిదాసు’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారై వచ్చాక మూకీ కెమెరాలకు పని పోయింది. మాట సరిగా వినిపించాలంటే ఫిల్మ్ సెకనుకు కచ్చితంగా 24 ఫ్రేముల వేగంతో నడవాలి. చెయ్యి ఆ పని చేయలేదు, మోటారు కావాలి. మోటారూ పళ్లచక్రాలూ చేసే చప్పుడు మైకులో పడకూడదు. దానికోసం కెమెరాను మందపాటి గూటిలో బంధించాలి, లేదా పుట్టుకతోనే నిశ్శబ్దంగా ఉండే కెమెరా కొనాలి. 1934లో మద్రాసులో టాకీ స్టూడియోలు మొదలైనప్పుడు పెట్టుబడిలో పెద్ద వాటా శబ్దయంత్రాలకూ, వాటితో జతకూడే కెమెరాలకూ పోయింది. ఎంత గొప్ప లెన్సు తెచ్చినా పాత పెట్టెతో మాట తీయడం సాధ్యపడేది కాదు. మద్రాసు చరిత్రలో బాడీయే మారక తప్పని మొదటి మలుపు ఇదే.

తరువాతి రెండు దశాబ్దాల్లో పెద్ద స్టూడియోల ఫ్లోర్ల మీద మిచెల్ కెమెరా రాజ్యమేలింది. దీని నిర్మాణం తెలిస్తే బాడీకి అంత విలువ ఎందుకో అర్థమవుతుంది. ఫిల్మ్‌కు ఇరుపక్కలా చిల్లులుంటాయి. ప్రతి ఫ్రేమూ గాజు వెనక ఆగిన క్షణాన మిచెల్‌లో సన్నని ఉక్కు మేకులు ఆ చిల్లుల్లోకి దిగి ఫిల్మ్‌ను కదలకుండా పట్టేవి. అందువల్ల ఫిల్మ్‌ను వెనక్కి చుట్టి అదే ముక్క మీద రెండోసారి తీసినా బొమ్మలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసేవి. మాయలూ మంత్రాలూ నిండిన పౌరాణిక, జానపద చిత్రాలకు ఈ గుణం ప్రాణం. ఒక మనిషి ఇద్దరుగా కనిపించాలన్నా, ఉన్నవాడు ఉన్నట్టే మాయమవ్వాలన్నా ఫ్రేము వణకకూడదు.

మిచెల్‌కు ముందుభాగంలో తిరిగే చక్రం ఉండేది. దాని మీద నాలుగు లెన్సులు బిగించి ఉంచేవారు. దూరపు షాటుకు ఒకటి, ముఖానికి ఇంకొకటి, అవసరమైనదాన్ని తిప్పి ముందుకు తెచ్చుకునేవారు. షాటు కూర్చుకునేటప్పుడు కెమెరా పెట్టెను పక్కకు జరిపి, సరిగ్గా లెన్సు వెనక నుంచే చూసి ఫోకస్ పెట్టుకుని, మళ్లీ పెట్టెను వెనక్కి నెట్టి తాళం వేసి తీసేవారు. ఈ జరుపుడు సంగతి మరిచిపోతే షాటు పోయినట్టే. కాబట్టి కెమెరా అసిస్టెంటు నేర్చుకునే తొలిపాఠాల్లో అదొకటి.

ఇక్కడ ఇంకో విషయం ఉంది. ఆనాటి కెమెరామన్‌కు బాడీ కొనే బాధా లేదు, లెన్సు కొనే బాధా లేదు. రెండూ స్టూడియోవే. బి.ఎన్. రెడ్డి తదితరులు నెలకొల్పిన వాహినీ స్టూడియో తరువాత నిర్మాత నాగిరెడ్డి చేతికొచ్చి విజయా వాహినీగా పెరిగి, ఆసియాలోని అతిపెద్ద స్టూడియోల్లో ఒకటిగా పేరు పొందింది. అక్కడ ‘పాతాళ భైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ తీసిన మార్కస్ బార్ట్లీ పేరు ఇప్పటికీ కెమెరామన్లు తలుచుకుంటారు. 1957 నాటి ‘మాయాబజార్’లో నౌకావిహారం వేళ కాసిన వెన్నెల, దీపాల అమరికతోనూ ఎక్స్‌పోజర్ లెక్కతోనూ అతను కట్టినది. అదే స్టూడియోలో అవే యంత్రాలు మరొక కెమెరామన్‌కూ దొరికేవి. వెన్నెల మాత్రం అద్దెకు దొరికేది కాదు.

రంగు ఏం అడిగింది

తొలినాటి టెక్నికలర్‌కు ప్రత్యేకమైన కెమెరా కావాల్సి వచ్చేది. వెలుతురును విడగొట్టి మూడు ఫిల్ముల మీద ఒకేసారి ముద్రించే భారీ యంత్రం అది. ఆ యంత్రం దక్షిణాది నిర్మాతలకు అందుబాటులో లేదు. 1950లో ఈస్ట్‌మన్ సంస్థ మూడు రంగులనూ ఒకే ఫిల్మ్ మీద పొరలుగా పూసి అమ్మకానికి తెచ్చాక, నలుపు తెలుపు సినిమాలు తీసే కెమెరాయే రంగుల సినిమాకూ పనికొచ్చింది. గేవాకలర్ ఫిల్మ్ కూడా ఈ తరహాదే. పూర్తి నిడివి తొలి తెలుగు రంగుల చిత్రం ‘లవకుశ’ 1963లో వచ్చింది. రంగు కోసం పాత బాడీని మార్చే పని పడలేదు.

అయితే రంగు వేరే ఖర్చు తెచ్చిపెట్టింది. అప్పటి రంగు ఫిల్మ్‌లు మందకొడివి, అంటే బొమ్మ పడటానికి వెలుతురు ఎక్కువ కావాలి. 1952 నాటి ఈస్ట్‌మన్ ఫిల్మ్ వేగం 25 ఎ.ఎస్.ఎ., 1959లో వచ్చినదాని వేగం 50, 1968లో వచ్చినదానిది 100. నేటి డిజిటల్ కెమెరాలో అదే కొలతకు ఐఎస్ఓ పేరుతో 3200, 6400 అంకెలు చూసినవారికి ఇవి నమ్మశక్యంగా ఉండవు. ఆ కొరతను తీర్చడానికి రెండే దారులు. ఫ్లోరంతా దీపాలతో నింపి నటులను చెమటలో ముంచడం ఒకటి, వెలుతురు ఎక్కువ తీసుకునే లెన్సు వాడటం రెండోది. ఎఫ్ 2.8 లెన్సు స్థానంలో ఎఫ్ 2 లెన్సు పెడితే వెలుతురు రెట్టింపవుతుంది, అంటే దీపాలు సగానికి తగ్గించవచ్చు. ఇంగ్లండులోని లీసెస్టర్‌లో తయారైన కుక్ స్పీడ్ పాంక్రో లెన్సులు సినిమా లోకంలో పేరు తెచ్చుకున్నది ఈ ఎఫ్ 2 గుణం వల్లే. మంచి గాజు కొంటే కరెంటు బిల్లులో కలిసొచ్చేది.

స్కోపు లెన్సు చేసిన మేలు

లెన్సు ఒక్కదాన్ని మార్చి సినిమా రూపాన్నే మార్చిన సంఘటన 1970ల్లో జరిగింది. దాని మూలం ఫ్రాన్స్‌లో ఉంది. అన్రి క్రెతియాన్ అనే శాస్త్రవేత్త 1920ల్లో ఒక వింత లెన్సు తయారుచేశాడు. అది ఎదుటి దృశ్యాన్ని నిలువులో ఉన్నదున్నట్టు ఉంచి, అడ్డంగా సగానికి నొక్కి ఫిల్మ్ మీద వేస్తుంది. ఆ ఫ్రేమును విడిగా చూస్తే మనుషులు తాటిచెట్లలా సన్నగా పొడుగ్గా కనిపిస్తారు. ప్రదర్శన వేళ ప్రొజెక్టర్ ముందు అలాంటి లెన్సే తగిలిస్తే బొమ్మ మళ్లీ అడ్డంగా రెట్టింపై విప్పారుతుంది. తెర వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లవుతుంది. అమెరికాలోని ఫాక్స్ సంస్థ ఈ హక్కులు కొని, 1953లో ‘ది రోబ్’ చిత్రంతో సినిమాస్కోప్ పేరుమీద విడుదల చేసింది. భారతదేశంలో గురుదత్ 1959లో ‘కాగజ్ కే ఫూల్’ను ఈ పద్ధతిలో తీశాడు. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి.

తమిళంలో మొదటి స్కోపు చిత్రం 1973లో ఎ.పి. నాగరాజన్ తీసిన ‘రాజరాజ చోళన్’. మరుసటి ఏడాది, 1974 మే 1న, తెలుగులో మొదటి స్కోపు చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైంది. అది నటుడు కృష్ణ నూరో చిత్రం. నిర్మించింది ఆయన పద్మాలయా సంస్థే. ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామిది. దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రం పూర్తికాకముందే కన్నుమూయడంతో మిగతా భాగాన్ని కృష్ణ దగ్గరుండి పూర్తిచేయించాడు. విశాఖ మన్యంలోని చింతపల్లి కొండలూ అడవులూ, గుంపులుగా కదిలే జనమూ వెడల్పు తెరకు తగినట్టు కుదిరాయి.

ఈ మార్పులో గమనించాల్సింది యంత్రాల లెక్క. ఫిల్మ్ అదే 35 మిల్లీమీటర్ల ఫిల్మ్. దాన్ని నడిపే కెమెరా కొత్త రకమేమీ కాదు. ల్యాబూ, ఎడిటింగ్ బల్లా ఉన్నవే. థియేటర్లో ప్రొజెక్టరు కూడా పాతదే. కెమెరా ముందు ఒక లెన్సు, ప్రొజెక్టర్ ముందు ఒక లెన్సు, వెడల్పైన తెర, ఇవే కొత్తవి. తెర పెంచుకున్న థియేటర్లు ‘స్కోపు’ అన్న మాటను పోస్టర్లలో పెద్ద అక్షరాలతో వేసుకునేవి. కొత్త బాడీ కొనే ఖర్చు లేకుండానే ప్రేక్షకుడికి కొత్త అనుభవం దొరికింది.

దానికీ చిక్కులుండేవి. తొలి స్కోపు లెన్సులు దగ్గరి షాటుకు సరిగా లొంగేవి కావు. ముఖానికి చేరువైనకొద్దీ అడ్డంగా నొక్కే గుణం తగ్గిపోయి, తెర మీద బుగ్గలు గవదబిళ్లలు వచ్చినట్టు ఉబ్బి కనిపించేవి. గాజుపొరలు ఎక్కువ కావడంతో వెలుతురు కొంత లోపలే ఇంకిపోయేది. ఫోకస్ తప్పితే వెడల్పు తెర మీద తప్పు దాగేది కాదు. లెన్సు మార్చడమంటే దానికి తగ్గట్టు పనితీరు మార్చుకోవడం కూడా. దగ్గరి షాట్లు తగ్గించి, మనుషులను ఫ్రేము అడ్డంగా పంచి నిలబెట్టడం ఆ తరం కెమెరామన్లు నేర్చుకున్నారు.

ఇలాంటిదే మరో ఘట్టం 1984లో ‘మై డియర్ కుట్టిచాత్తన్’తో జరిగింది. భారతదేశపు తొలి త్రీడీ చిత్రమది. దర్శకుడు జిజో పున్నూస్ అమెరికాలోని బర్‌బ్యాంక్ వెళ్లి, క్రిస్ కాండన్ రూపొందించిన ప్రత్యేక లెన్సు గురించి తెలుసుకుని వచ్చాడు. కుడికన్ను, ఎడమకన్ను చూసే బొమ్మలను ఒకే ఫ్రేములో ఒకదాని కింద ఒకటి వేసే లెన్సు అది. రెండు కెమెరాలు జతచేసే బరువు తప్పింది. ఈ చిత్రం తెలుగులో ‘చిన్నారి చేతన’గా వచ్చి, పిల్లలందరికీ నల్లకళ్లద్దాలు పెట్టించింది.

ఔట్‌డోర్ యూనిట్లు, బ్లాక్ లెన్సులు

1960ల తరువాత సినిమా స్టూడియో గోడలు దాటి వీధుల్లోకీ పల్లెల్లోకీ నడిచింది. బరువైన మిచెల్‌ను మోసుకుని తిరగలేరు. జర్మనీలో 1937లో పుట్టిన ఆరిఫ్లెక్స్ ఆ ఖాళీని నింపింది. దాని షట్టర్‌కు అద్దం ఉండటంవల్ల షాటు జరుగుతుండగానే లెన్సులోంచి చూడవచ్చు. మిచెల్‌లోలా పెట్టెను జరపనక్కర్లేదు. భుజాన ఎత్తుకుని తీయవచ్చు. ఇది బాడీ తెచ్చిన మేలు.

ఆ రోజుల్లోనే మద్రాసులో ఔట్‌డోర్ యూనిట్ల వ్యాపారం పెరిగింది. కెమెరా, లెన్సులు, ట్రాలీ, దీపాలు, జనరేటరు, వాటితో వచ్చే మనుషులు, అన్నీ రోజు అద్దెకు దొరికేవి. తెలుగు సినిమా టైటిళ్లలో ‘ఔట్‌డోర్ యూనిట్’ అన్న వరస తప్పక కనిపించడానికి కారణం ఇదే. యూనిట్ల భాషలో జూమ్ కాని లెన్సును బ్లాక్ లెన్స్ అంటారు. జూమ్ తొందరగా పని ముగిస్తుంది, బ్లాక్ లెన్సు వెలుతురు ఎక్కువ తీసుకుని బొమ్మను పదునుగా ఇస్తుంది. ఏ కెమెరాతోపాటు ఏ లెన్సుల పెట్టె అడగాలో ఛాయాగ్రాహకుడు నిర్మాతతో బేరమాడేవాడు. కొనుగోలు ప్రశ్న ఇక్కడ అద్దె ప్రశ్నగా మారింది.

1980ల ఆరంభంలో ఆరిఫ్లెక్స్ తయారుచేసే ఆరి సంస్థ లెన్సు బిగించే మూతికి పీఎల్ అనే కొత్త కొలత తెచ్చింది. ఇది కొనుగోలుదార్లకు దీర్ఘకాలంలో పెద్ద మేలు చేసింది. ఆ మూతి ఉన్న లెన్సు 1980ల ఫిల్మ్ కెమెరాకు ఎలా సరిపోయిందో, 2010లో వచ్చిన అలెక్సా డిజిటల్ కెమెరాకూ అలాగే సరిపోయింది. మధ్యలో ఎన్ని బాడీలు పాతసామాను గదికి చేరినా లెన్సుల పెట్టె యూనిట్‌లో సంపాదిస్తూనే ఉంది.

బర్మా బజారు నుంచి కల్యాణ మండపం దాకా

ఫొటోగ్రాఫర్లు స్వయంగా కెమెరా కొనుక్కునే కాలం ఇంకోవైపు నడిచింది. చాలా ఏళ్లపాటు పెళ్లి ఫొటోగ్రాఫర్ చేతిలో ఉన్నది రెండు కళ్ల కెమెరా, రోలీఫ్లెక్స్ లేదా యాషికా. పై లెన్సు చూడటానికి, కింది లెన్సు తీయడానికి. లెన్సు విడదీసే వీలు లేదు కాబట్టి బాడీయా లెన్సా అన్న తర్కమే లేదు. లెన్సు మార్చగల 35 మిల్లీమీటర్ల ఎస్.ఎల్.ఆర్. కెమెరాలు వచ్చాకే ఆ తర్కం మొదలైంది. దిగుమతుల మీద ఆంక్షలూ సుంకాలూ ఉన్న ఆ రోజుల్లో మద్రాసువాసికి విదేశీ సరుకుకు తెలిసిన చిరునామా బర్మా బజారు. బర్మా నుంచి తరలివచ్చిన కుటుంబాల వారు 1960ల చివర బీచ్ స్టేషన్ ఎదుట పెట్టుకున్న దుకాణాల వరస అది.

ఎస్.ఎల్.ఆర్. కొన్నవారికి మూతి కొలత జీవితకాలపు నిర్ణయమైంది. నికాన్ 1959లో ఎఫ్ మూతి తెచ్చి, ఎన్ని మార్పులు చేసినా దాన్ని దశాబ్దాలు నిలబెట్టింది. కెనాన్ 1987లో ఆటోఫోకస్ కోసం పాత మూతిని వదిలేసి ఈఎఫ్ అనే కొత్తదానికి మారింది. అంతకుముందు కెనాన్ లెన్సులు కూడబెట్టుకున్నవారు కొత్త బాడీతోపాటు గాజంతా మళ్లీ కొనాల్సి వచ్చింది. 2018లో రెండు సంస్థలూ అద్దంలేని కెమెరాల కోసం ఇంకా కొత్త మూతులు తెచ్చాయి. ఈసారి పాత లెన్సులను అడాప్టరుతో తగిలించుకునే వీలు ఇచ్చాయి.

చెన్నైలో గాజుకు ఊరి గాలే శత్రువు. గాలిలో తేమ 70 శాతం దాటి నిలిచిన చోట లెన్సు లోపలి పొరల మీద బూజు పుడుతుంది. దుకాణాల్లో దాన్ని ‘ఫంగస్’ అంటారు. లెన్సును దీపానికి ఎదురుగా పట్టి చూస్తే సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తాయి. తొలిదశలో విప్పి తుడిస్తే పోతాయి. ఆలస్యమైతే ఆ బూజు వదిలే ఆమ్లం గాజు మీది పూతను తినేసి మచ్చ మిగులుస్తుంది. ఇనప బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచడం, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయడం పాతవారి జాగ్రత్తలు. ఇప్పుడు తేమను 40, 50 శాతం మధ్య నిలిపే ఎలక్ట్రిక్ అల్మారాలు దొరుకుతున్నాయి. లెన్సు తరతరాలకు వస్తుందన్న మాట సముద్రతీరాన ఈ జాగ్రత్త పాటించినవారికే వర్తిస్తుంది. సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనేవాడు ముందుగా టార్చి వేసి చూసేది దీనికోసమే.

ఫిల్మ్ బాడీలోకి వచ్చి కూర్చుంది

డిజిటల్ యుగం పాత లెక్కను చెరిపేసింది. ఫిల్మ్ కాలంలో మెరుగైన ఫిల్మ్ రాగానే పాత బాడీలో వేసుకుంటే చాలు, కెమెరా కొత్తదైనట్టే. డిజిటల్‌లో ఫిల్మ్ స్థానంలో సెన్సర్ ఉంది. అది బాడీలో అతుక్కుని ఉంటుంది. మెరుగైన సెన్సర్ కావాలంటే బాడీయే మార్చాలి. టాకీల తరువాత బాడీకి అంత ప్రాధాన్యం వచ్చింది మళ్లీ ఇప్పుడే.

సినిమాల్లో ఈ మార్పు 2000 దశకం చివర ఊపందుకుంది. కమల్ హాసన్ 2009లో తమిళంలో ‘ఉన్నైప్పోల్ ఒరువన్’గా, తెలుగులో ‘ఈనాడు’గా నిర్మించిన చిత్రాన్ని రెడ్ వన్ డిజిటల్ కెమెరాతో తీశారు. 2008లో వచ్చిన కెనాన్ 5డి మార్క్ 2 ఫొటో కెమెరాయే పూర్తి హెచ్‌డీ వీడియో తీయగలగడంతో పెళ్లి వీడియోల రూపం మారింది. రామ్‌గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ను కెనాన్ 5డి కెమెరాలతో అయిదు రోజుల్లో తీసి విడుదల చేశాడు. చవకైన బాడీకి మంచి లెన్సు తగిలిస్తే తెరకు ఎక్కించవచ్చన్న ధైర్యం చిన్న నిర్మాతలకు వచ్చింది.

కల్యాణ మండపంలో ఈ లెక్క ఎలా తేలుతుందో అంకెల్లో చూడవచ్చు. కొత్త కెమెరాతో వచ్చే 18–55 కిట్ లెన్సును 55 దగ్గర వాడితే ద్వారం ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. తక్కువ ధరకే దొరికే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు దానికంటే దాదాపు పది రెట్లు వెలుతురు తీసుకుంటుంది. రాత్రి ముహూర్తంలో కిట్ లెన్సుతో ఐఎస్ఓ 6400 పెట్టాల్సిన చోట ఈ లెన్సుతో 650, 700 చాలు. అంత తేడా ఒక్క బాడీ మార్పుతో రావాలంటే ఎన్నో తరాల సెన్సర్లు దాటాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన వెనకనున్న ట్యూబులైట్లూ కుర్చీలూ మసకబారి, వధూవరుల చేతులు మాత్రమే తేటగా నిలవడం కూడా గాజు పనే. అయితే తలంబ్రాల వేళ అటూ ఇటూ కదిలే ముఖాలను వెంటాడి ఫోకస్ పట్టే పని బాడీది. పాత బాడీ ఆ పరుగు అందుకోలేకపోతే ఖరీదైన లెన్సు కూడా మసక బొమ్మే ఇస్తుంది.

చరిత్ర తేల్చిన లెక్క

నూట డెబ్బై ఏళ్ల మద్రాసు అనుభవాన్ని రెండు వరసలుగా విడదీయవచ్చు. మాట వచ్చినప్పుడు, కెమెరా వీధిలోకి నడిచినప్పుడు, ఫిల్మ్ స్థానంలో సెన్సర్ వచ్చినప్పుడు బాడీ మారింది. ఈ మూడుసార్లూ పాత పెట్టె కొత్త పనిని అసలు చేయలేకపోయింది. మనిషి ముఖం సెకన్లలో తీయగలిగినప్పుడు, దీపాలు సగానికి తగ్గినప్పుడు, తెర వెడల్పైనప్పుడు, బొమ్మకు లోతు వచ్చినప్పుడు మారింది లెన్సు. ఈ నాలుగుసార్లూ పెట్టె చేస్తున్న పని సరిపోయింది, బొమ్మ తీరు మాత్రం చాలలేదు.

కెమెరా మార్చాలనుకునేవారికి దీన్నుంచి వచ్చే నియమం ఒకటే. చేతిలోని బాడీ ఏ పని చేయలేకపోతోందో పేరుపెట్టి చెప్పగలిగితే బాడీ కొనాలి. బొమ్మ బాగోలేదన్న అసంతృప్తి తప్ప అలాంటి పేరేదీ చెప్పలేకపోతే, ఆ డబ్బు లెన్సు మీద పెట్టాలి. మూతి కొలత చూసుకుని, ఫంగస్ లేనిది ఏరుకుని కొన్న లెన్సు తరువాతి రెండు మూడు బాడీలకూ పనికొస్తుంది.